ఎర్రసుద్ద ఊపిరి

బొలోన్యాలో, పట్టుమిల్లుల కాలువ పక్క సందులో, చిత్రకారుడు లాటాంజియో ఇంట్లో పొద్దు రొట్టెతో మొదలయ్యేది. తినడానికి కాదు. తెల్లరొట్టె పైపెచ్చు ఒలిచి, లోపలి మెత్తని భాగాన్ని వేళ్ల మధ్య నలిపి గోలీలంత ఉండలు చేసేవారు. సుద్దతో గీసిన బొమ్మలో తప్పు చెరపాలన్నా, నీడలోంచి కాస్త వెలుగు లాగాలన్నా ఆ ఉండలతోనే. అప్పుడే కాల్చిన రొట్టె పనికిరాదు, కాగితానికి జిడ్డంటుతుంది. మరీ ఎండింది కాగితాన్ని గీరేస్తుంది. ఒక్క రాత్రి గడిచిన రొట్టె కావాలి. ఆ సంగతి ఇంట్లో అందరికంటే బాగా తెలిసింది కింది గదిలో పట్టుదారం చుట్టే దియమాంతే కూతురికి. దియమాంతేకు మొగుడు పోయి పదేళ్లు, మిగిలింది ఈ ఒక్క పిల్ల, పేరు ఓర్సొలీనా, పదిహేడేళ్లది. రోజూ పొద్దున్నే గిన్నెడు ఉండలు చేసి మెట్టు మీద పెట్టి పైకి కేకేసేది.

"మాస్ట్రో! మీ తప్పులకి సరిపడా చేశాను. ఇంకా మిగిలితే రేపు చేసుకోండి!"

పైనుంచి లాటాంజియో దగ్గుతో కలిసిన నవ్వు వినిపించేది. ఆయనకి యాభై దాటాయి. సుద్ద పట్టుకునే ముందు సిలువ గుర్తు వేసుకునేవాడు, పట్టుకున్నాక మాత్రం దేవుణ్ణీ దెయ్యాన్నీ మర్చిపోయేవాడు. ఎర్రసుద్ద ఒంటికి, నల్లసుద్ద నీడకి, తెల్లసుద్ద వెలుగుకి. మిగిలింది కాగితం తన నీలిరంగుతో తనే చూసుకుంటుంది అనేవాడు. ఎర్రసుద్ద మొనని నాలుకతో తడిపి గీస్తే ఆ గీత రొట్టెకి లొంగదు. అందుకని, ఇక మార్చే పనిలేదని మనసు గట్టిగా చెప్పినప్పుడు తప్ప ఆయన సుద్దని నోటిదాకా తెచ్చేవాడు కాడు.

మా ఊళ్లో సుద్దబొమ్మల సంగతి మీకు తెలిసిందే. మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసిన బొమ్మ, ఆ మనిషి ఊపిరి తీసినన్నాళ్లూ తనూ ఊపిరి తీస్తుంది. నూనెరంగుల బొమ్మలకి అది లేదు, నూనె ఆరి మూసేస్తుంది. ఊహించి గీసినదానికి లేదు, ఇంకో బొమ్మని చూసి గీసినదానికీ లేదు. సుద్దా మట్టే, మనిషీ మట్టే. ఆ మట్టిలోకి ఊపిరి ఊదిన తండ్రికి కాగితం అడ్డమా? యుద్ధానికెళ్లిన మొగుడి బొమ్మని పెళ్లాం ఉప్పు జాడీ పైన గోడకి గుచ్చుకుని, చిక్కుడుగింజలు కలుపుతూ ఓ కంట చూసుకునేది. ఆస్తి తగాదాలొస్తే నోటరీ ముందు బొమ్మ విప్పేవారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పరలోక జపం మూడుసార్లు చెప్పుకునేంతసేపు చూసి, 'ఉన్నాడు' అని రాసి ముద్ర కొట్టేవాడు. ఏటా ఆత్మల పండుగ ముందు లాటాంజియో బొమ్మలు దాచుకునే అట్టలు విప్పి, ఆగిపోయిన బొమ్మల్ని వేరుచేసి వాళ్ల పేరున పూజ చెప్పించేవాడు.

ఆయన అట్టల్లో ఎక్కువ బొమ్మలు సాంతేవి. సాంతే కాలువ రేవులో జనపనార మూటలు మోసేవాడు. ఎద్దు మెడ, పలకల్లాంటి భుజాలు, ముందరి పన్ను ఒకటి లేదు. రేవులో పని ముగించుకుని మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చి, చొక్కా విప్పి, దూలానికి కట్టిన తాడు పట్టుకుని నిలబడేవాడు. చెయ్యి ఎంతసేపైనా ఎత్తి ఉంచాలంటే ఆ తాడే ఆసరా.

"ఇవాళ ఎవర్ని మాస్ట్రో? పోయిన వారం తలారిని చేశారు, మొన్న స్నాపకుడు యోహానుని. కాస్త కూర్చునే పుణ్యాత్ముణ్ణి ఎవర్నైనా చూడండి, నడుం పడిపోయింది."

"ఇవాళ దేవదూతవి."

"దేవదూతలు ఉల్లిపాయ తింటారా? ఇప్పుడే తినొచ్చాను."

"కాగితానికి వాసన తెలీదులే. తాడు పట్టుకో."

నవ్వొస్తోందా? నవ్వండి. పనిగదిలో ఆడదాన్ని నిలబెట్టి గీయకూడదు మరి. మరియమ్మని గీయాలన్నా మగ్దలేనాని గీయాలన్నా ఒళ్లు మగవాడిదే. ముఖానికి మాత్రం తల్లి పక్కన కూర్చున్న పిల్లని చూసి గీయొచ్చు. మా ఊరి గుళ్లల్లో ముగ్గురు మేరీమాతల మోకాళ్లు సాంతేవే. ఈ సంగతి పనివాళ్లందరికీ తెలుసు, గుమ్మం దాటి ఒక్కరూ చెప్పరు. చెబితే ఆ మోకాళ్ల ముందు కొవ్వొత్తి ఎవరు వెలిగిస్తారు?

ఆ దేవదూత ఒక గుడి బలిపీఠం పైన పెట్టే పటానికి. దేవుడి కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షికి ఖర్జూరమట్ట అందిస్తూ కుడిచెయ్యి పైకెత్తి దిగి రావాలి. లాటాంజియో మూడు మధ్యాహ్నాలు సాంతేని తాడుకి వేలాడదీసి ఎర్రసుద్దతో ఒళ్లు గీశాడు. తర్వాత మొదలైంది అసలు పని. తోలు చుట్టతో భుజాల అంచుల్ని రుద్ది మెత్తబరిచాడు. ఓర్సొలీనా చేసిన ఉండలతో కండల మీద నీడని అద్ది అద్ది తీసేశాడు. ఛాతీ మీదుగా నల్లసుద్దతో పలచటి వస్త్రం వేసి, మడతల మీద తెల్లసుద్ద తగిలించాడు. నార మూటలు మోసే మనిషి ఒక్కో వేలిముద్ర కింద కొద్దికొద్దిగా మాయమైపోయాడు. ఊపిరి మాత్రం పోలేదు. వస్త్రం మడతలు మెల్లగా లేచి పడుతూనే ఉన్నాయి.

మెడపైన ఖాళీగా ఉంచి, కింది భాగానికి గుడ్డ చుట్టి, ఆ కాగితాన్ని కిందికి తీసుకెళ్లాడు. కిటికీ దగ్గర ఓర్సొలీనా కూర్చుంది. పక్కన దియమాంతే దారం చుడుతూ కాపలా.

"అలా నవ్వితే దేవదూతవి కావే, చేపలమ్ముకునేదానివవుతావు," అంది తల్లి.

"చేపలమ్మేవాళ్ల దగ్గరికి దేవదూతలు రారా అమ్మా? శిష్యులంతా చేపలోళ్లేగా!"

"నోరు ముయ్యి. మాస్ట్రో, ముక్కు కాస్త సరిచెయ్యండి, వాళ్ల నాన్న ముక్కు వచ్చింది దీనికి."

"ముక్కుతోనే కష్టం," అన్నాడు లాటాంజియో తల ఎత్తకుండా. "మిగతా ముఖమంతా నిలిచి ఉంటుంది. ముక్కు అంచులు నిలవవు." రెండో రోజు ఆ అంచులు దొరికాయి. సుద్దని నాలుకకి తగిలించుకుని రెండు చిన్న గీతలు పెట్టాడు. "అయిపోయింది. ఇక నేనే చెరపాలన్నా పోవు."

గుడ్డ తీసేశాడు. దియమాంతే కదురు పక్కన పెట్టి లేచి వచ్చింది.

"నా బిడ్డే," అంది. "చెయ్యి ఎత్తిన తీరు చూడండి. దారం పై కొక్కేనికి తగిలించేటప్పుడు అచ్చం ఇలాగే ఎత్తుతుంది." అరచెయ్యి బొమ్మకి తగలకుండా ఛాతీ పైన పట్టుకుంది. "ఊపిరి చూశారా! ఎంత నిండుగా తీస్తోందో నా తల్లి!"

"నాకింత ఛాతీ ఎక్కడిదమ్మా?" అని ఓర్సొలీనా పకపకా నవ్వితే నెత్తిన ఒక మొట్టికాయ పడింది.

లాటాంజియో అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట. 'ఒళ్లు వేరేవాళ్లదమ్మా, ముఖమే మీ పిల్లది' అంటే సరిపోయేది. కానీ కన్నతల్లే గుర్తుపట్టలేనంత బాగా అతికాడు కదా, ఆ సంతోషం ఆ మాట అననివ్వలేదు. నవ్వి ఊరుకున్నాడు. ప్రభువు క్షమించుగాక, మనలో ఎవరం మాత్రం ఊరుకోమండీ మెప్పు దొరికినప్పుడు?

ఆ ఎండాకాలం ఊళ్లోకి మహమ్మారి వచ్చింది.

గుళ్లు మూసేశారు. వీధి మలుపుల్లో బల్లలు వేసి, వాటి మీదే పూజలు. జనం కిటికీల్లోంచి మోకరించేవారు. కాళ్లకి గంటలు కట్టుకున్న మోతగాళ్లు బండ్లతో తిరుగుతుంటే, ఆ గంటలు ఏ ఇంటి ముందు ఆగుతాయా అని ఊరంతా చెవులు రిక్కించుకుని ఉండేది. ఒక సోమవారం పొద్దున రొట్టె నలుపుతూ నలుపుతూ ఓర్సొలీనా చెయ్యి దించేసి, "అమ్మా, చంకలో ఏదో గడ్డలా ఉంది," అంది.

మధ్యాహ్నానికి గంటలు ఆ గుమ్మం ముందు ఆగాయి. బండి ఎక్కుతూ కూడా ఆ పిల్ల పైకి చూసింది.

"మాస్ట్రో! గిన్నెలో రెండు రోజులకి ఉన్నాయి. తప్పులు తగ్గించుకోండి!"

ఊరి బయట జబ్బు మనుషుల శాలకి తీసుకెళ్లారు. అక్కడికి అయినవాళ్లెవరూ వెళ్లకూడదు. ఇంటి తలుపుకి అడ్డకర్ర కొట్టి కావలివాణ్ణి పెట్టారు. లోపల మిగిలింది దియమాంతే, లాటాంజియో. తిండి బుట్టలో కట్టి కిటికీకి అందించేవారు.

ఆ సాయంత్రమే దియమాంతే మెట్లెక్కి వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆ పనిగది గుమ్మం ఆమె ఒక్కసారీ తొక్కలేదు.

"ఒక్కసారి చూపించండి మాస్ట్రో."

కాగితం విప్పాడు. ఛాతీ లేచి పడుతోంది, కాస్త బరువుగా. ముక్కు అంచుల రెండు గీతలు సన్నగా అదురుతున్నాయి. ఆమె నేల మీద చతికిలబడి కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక కదురు తెచ్చుకుని బొమ్మ ముందే కూర్చుంది. మంగళవారమంతా అక్కడే కూర్చుని దారం చుట్టింది.

బుధవారం పొద్దున ఆమె రాకముందే లాటాంజియో కాగితం విప్పాడు. ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఆయన కళ్లు అలవాటుగా ముక్కు దగ్గరికి వెళ్లాయి. ముక్కు అంచులు కదలడం లేదు.

కిటికీ తెరిచి వెలుగులో పట్టుకున్నాడు. తన ఊపిరి బిగబట్టి చూశాడు. తడి ఎర్రసుద్దతో పెట్టిన ఆ రెండు గీతలు నిలిచిపోయాయి. అవి నిలవవని తనే అన్నాడు. ఇప్పుడు నిలిచాయి.

మరి ఛాతీ ఎందుకంత ఎగశ్వాసగా ఉంది? గోడవార అట్ట తీసి విప్పాడు. తలారి సాంతే, యోహాను సాంతే, సిలువ మీద దొంగ సాంతే, మరియమ్మ మోకాళ్ల సాంతే, నలభైకి పైగా బొమ్మలు నేలంతా పరుచుకున్నాయి. అన్నీ ఒక్కసారే రొప్పుతున్నాయి. అన్నీ ఒక్కచోటే తడబడుతున్నాయి. గదంతా జ్వరం వచ్చినట్టుంది.

కాలువ వైపు కిటికీలోంచి ఒక పడవవాణ్ణి కేకేశాడు. "రేవులో సాంతే ఉన్నాడా?"

"సాంతేనా? ఆదివారమే తీసుకుపోయారయ్యా. మూట మోస్తూ మోస్తూ పడిపోయాడు. మీకేం పని వాడితో?"

పదేళ్లుగా లాటాంజియో ఆ మనిషిని చూసి గీశాడు, ఎక్కడ పడుకుంటాడో ఎప్పుడూ అడగలేదు.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. బొమ్మలన్నీ గబగబా అట్టలో కుక్కేశాడు. దేవదూత మాత్రం బల్ల మీద ఉండిపోయింది.

దియమాంతే వంగి చూసింది. "కష్టపడుతోంది పిల్ల. కానీ తీస్తోంది. తీస్తోంది కదూ మాస్ట్రో?"

"తీస్తోంది," అన్నాడు.

"ముఖం అలా కదలకుండా ఉందేం?"

ఆయన గోడ మీది సిలువ వైపు చూడలేక రొట్టె గిన్నె వైపు చూశాడు. అడుగున ఆరేడు ఉండలు ఎండి ఉన్నాయి. "జ్వరం కదమ్మా. నిద్రపోతోంది."

అది బుధవారం. గురువారం, శుక్రవారం కూడా అదే అబద్ధం. ఆమె బొమ్మతో మాట్లాడేది. దారం తెగకుండా చుట్టానని చెప్పేది, బుట్టలో వచ్చిన వరిగ జావ బాగా లేదని చెప్పేది, బొమ్మ ఊపిరి తడబడినప్పుడు తన ఊపిరి కూడా ఆపి, అది అందుకున్నాక తనూ తీసేది. మూల కూర్చుని లాటాంజియో జపమాల తిప్పేవాడు. సాంతే బతకాలని మేరీమాతని వేడుకున్నాడు, నిజమే. కానీ దేనికోసం? సాంతే కోసమా? తన అబద్ధం ఇంకో పూట నిలబడ్డం కోసం. ఆ అట్టలోంచి ఒక్క బొమ్మ తీసి కావలివాడికిచ్చి 'వీడికి నీళ్లిచ్చేవాళ్లున్నారేమో చూడమను' అని పంపాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. మేరీమాత వినేవుంటుంది, అందరి మొర విన్నట్టే. ఏమనుకుందో మనకి తెలీదు.

శనివారం పొద్దున వీధి మలుపులో పూజ అయ్యాక గుడి గురువుగారు పోయినవాళ్ల పేర్లు చదివారు. కిటికీల్లో జనం. ఒక్కో పేరుకి ఒక్కో కిటికీ లోపలికి వాలిపోయేది.

"...ఓర్సొలీనా, పట్టుదారం దియమాంతే కూతురు. బుధవారం. నిత్యవిశ్రాంతి దయచేయుము ప్రభువా."

దియమాంతే కిటికీలోంచి గట్టిగా అరిచింది. "తప్పు! తప్పు చదివారు గురువుగారూ! నా పిల్ల ఊపిరి తీస్తోంది! ఇప్పుడే చూసొచ్చాను!"

పైకి పరుగెత్తి బల్ల మీది కాగితం లాక్కుంది. లాటాంజియో "దియమాంతే, ఆగమ్మా, ఒక్క మాట..." అంటూనే ఉన్నాడు. ఆమె అప్పటికే మెట్లు దిగిపోయింది. కావలివాడికి కిటికీలోంచే బొమ్మ చూపించింది. పోయారని చదివిన మనిషి బొమ్మ ఊపిరి తీస్తుంటే ఎవరూ అడ్డురాకూడదు, మా ఊరి నియమమది. వాడు చూశాడు, టోపీ తీశాడు, అడ్డకర్ర పీకేశాడు. ఆమె వెనకాలే లాటాంజియో, చెప్పులు కూడా లేకుండా.

శాల గేటు దగ్గర ఒక కపూచిన్ సన్యాసి, గడ్డం నిండా వెనిగర్ వాసన. పుస్తకంలో పేరు వెతికాడు.

"అమ్మా, ఆమె బుధవారమే..."

"పుస్తకం కాదు స్వామీ. ఇది చూడండి."

సన్యాసి కాగితాన్ని ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. వస్త్రం మడత కదల్లేదు. కదల్లేదు. ఆ తర్వాత సన్నగా లేచింది, ఎండిన ఆకు కింద చీమ దూరినట్టు. ఆయన సిలువ గుర్తు వేసుకుని వెనక్కి తిరిగి అరిచాడు. "ఆడవాళ్ల బండి ఆపండి! ఊపిరున్న మనిషి ఉంది!"

గుంట దాకా వెళ్లిన బండిని వెనక్కి తెచ్చి ఒక్కొక్కరినీ దించారు. దియమాంతే ఒక్కో ముఖం మీది గుడ్డ తీసి చూసింది. ఎవరి బిడ్డలో అందరూ ఉన్నారు. తన బిడ్డ లేదు.

సన్యాసి గొంతు తగ్గించాడు. "బుధవారంవాళ్ల గుంట మూసేశాం తల్లీ. సున్నం కూడా వేశాం."

దియమాంతే ఆయన్ని, కాగితాన్ని మార్చి మార్చి చూసింది. ఆమె ముఖంలోకి వచ్చిన ఆలోచన లాటాంజియో కళ్లారా చూశాడు. ఆ చూపు ఆయన చచ్చేదాకా ఆయన్ని వదల్లేదు.

"అంటే లోపల ఊపిరి తీస్తోందా?" అంది. "నాలుగు రోజుల నించీ? సున్నం కింద? తవ్వండి! ఏం చూస్తారు, తవ్వండి!" అని మోకాళ్ల మీద పడి చేతులతోనే మొదలుపెట్టింది.

"తవ్వకండి," అన్నాడు లాటాంజియో. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాడు. "తవ్వకమ్మా. ఆ ఛాతీ ఆమెది కాదు."

ఆమె చేతులు ఆగాయి.

"ఒళ్లు వేరే మనిషిది. మేం అలాగే గీస్తాం. ముఖం ఒక్కటే నీ పిల్లది. ముక్కు చూడు దియమాంతే. అది బుధవారం పొద్దునే ఆగింది."

మట్టి వేళ్లతో ఆమె కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. ముక్కు అంచుల రెండు గీతల మీద బొటనవేలు ఆన్చింది. ఎర్రసుద్ద రవ్వంత కూడా చెదరలేదు.

"బుధవారం," అంది. "నిద్రపోతోందన్నారు."

"అన్నాను."

"మూడు రోజులు నా చేత దాంతో మాట్లాడించారు."

ఆమె ఏడవలేదు. కాగితంలో వస్త్రం మడత ఒకసారి లేచి, దిగడం మర్చిపోయినట్టు నిలిచింది. ఆమె కన్ను దాని మీదే ఉంది.

"ఎవరిది ఇది?"

"సాంతేది. నార మూటల సాంతే. ఇక్కడే ఎక్కడో..."

మంగళవార్త జపం ఒక్కసారి చెప్పుకునేంతసేపు ఆమె అలాగే ఉంది. ఆ కాగితాన్ని అక్కడే చింపేసినా ఆమెని ఎవరూ తప్పుపట్టేవారు కాదు, దేవుడితో సహా. మడత మెల్లగా దిగింది. దియమాంతే లేచి నిలబడింది.

"స్వామీ, మగవాళ్ల బండి ఎటెళ్లింది?"

సన్యాసి చెయ్యి చూపించేలోపే ఆమె పరుగెత్తింది. బండి అప్పటికే వెనక్కి ఎత్తి ఉంది, ఇద్దరు జారి గుంటలో పడ్డారు. "దించండి! మీ అమ్మ కడుపు చల్లగుండ, బండి దించండి!" అన్న ఆమె కేకకి మోతగాళ్ల కాళ్ల గంటలు ఆగిపోయాయి. ముఖాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఆమె ఎడమచేత్తో కాగితం పట్టుకుని, కుడి అరచెయ్యి ఒక్కో మగవాడి ఛాతీ మీద ఆన్చింది. మొదటివాడు. రెండోవాడు. ఏడోవాడు. పదకొండోవాడి దగ్గర, కంటి ముందు వస్త్రం మడత లేచినప్పుడు అరచేతి కింద ఎముకలు లేచాయి.

"వీడే," అంది. "నీళ్లు తెండి."

అప్పుడు ఏడ్చింది, ఆ మనిషి ఛాతీ మీదే తల పెట్టుకుని.

సాంతే బతికాడు. చంకలో గడ్డ కోసిన చోట నరం పట్టేసి కుడిచెయ్యి భుజం పైకి లేవడం మానేసింది. అంటే ఇక తాడు పట్టుకుని దేవదూతగా నిలబడలేడు. లాటాంజియో ఆ పటం వెయ్యలేదు, ఇంకెవరో వేశారు. ఇళ్ల తలుపులు తెరిచాక ఆయన దియమాంతే గుమ్మంలో నిలబడి, తలవంచుకుని, ఒళ్లు రొట్టెతో చెరిపేసి పిల్ల ముఖం ఒక్కటే ఉంచి ఇస్తానన్నాడు. ఆమె బదులివ్వలేదు. ఆ తర్వాత కూడా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, బతికినన్నాళ్లూ. మెట్టు మీద గిన్నె అలాగే ఉండేది. ఆయన ఉండలు ఆయనే చేసుకునేవాడు. ఎప్పుడూ తాజా రొట్టెతో చేసి జిడ్డు చేసేవాడు.

ఆ నీలి కాగితాన్ని దియమాంతే కింది గదిలో, కదురుకి ఎదురుగా, గోడకి గుచ్చుకుంది. పైన కదలని కూతురు. కింద కదిలే ఛాతీ.

చలికాలం మొదట్లో సాంతే మళ్లీ రేవులో పనికెక్కాడు. ఒక్క భుజంతో మోయడం చేతకాక, చేతకాదని చెప్పడం సిగ్గై, పాత లెక్కనే మోస్తున్నాడు. ఒక మధ్యాహ్నం దియమాంతే కదురు పక్కన పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, రేవు దాకా నడిచి వెళ్లింది. మూటల వాళ్లంతా తప్పుకుని దారిచ్చారు.

"ఏవయ్యా, పొద్దుటి నించి ఎన్ని మూటలు మోశావు?"

సాంతే వీపు మీది మూట దించి టోపీ తీశాడు. "పన్నెండమ్మా. ఇది పదమూడు."

"నా బిడ్డ ముఖం కింద రొప్పుతున్నావు. చూస్తూ ఉండలేకపోతున్నాను."

వాడు నోరు తెరిచి, లేని పన్ను కనిపించేలా అలాగే ఉండిపోయాడు. పక్కన ఎవడో కిసుక్కున నవ్వబోయి మానుకున్నాడు.

"సగం చాలు," అంది ఆమె. "ఆరు. ఏడోదానికి చెయ్యి వేశావంటే ఇక్కడికే వస్తాను."

"అలాగేనమ్మా," అన్నాడు సాంతే, మూట పక్కన కూర్చుంటూ.

ఆమె ఇంటికి వచ్చేసరికి గోడ మీద వస్త్రం మడతలు నిదానించాయి. లేస్తున్నాయి, పడుతున్నాయి. ఒకసారి ముక్కు వైపు చూసింది, రోజూ చూసినట్టే. ఆ రెండు గీతలు అలాగే ఉన్నాయి. దియమాంతే దారం కొస వెతుక్కుని, చెయ్యి పైకెత్తి, కొక్కేనికి తగిలించింది.